ప్రోకారిస్ రొయ్యకి కత్తెర్లు పోయాయా, అసలే లేవా? తెలిసినవారు చెప్పండి

ఎమ్మెస్సీ జువాలజీ సెమినార్‌కి ప్రోకారిస్ ఉన్న ప్రోకారిడిడే కుటుంబం తీసుకున్నాను. అసెన్షన్ ద్వీపం, హవాయి, బెర్ముడా లాంటి చోట్ల, రాళ్ళ సందుల్లోంచి సముద్రపు నీళ్ళు ఊరే గుంటల్లో, గుహల్లో బతికే అరుదైన రొయ్యలివి. మొదటి జాతిని 1972లో వర్ణించారు.

వెనామీ రొయ్యని చేతిలోకి తీసుకుని చూస్తే ముందు మూడు జతల నడక కాళ్ళ చివర చిన్న కత్తెర్లుంటాయి. నీలకంఠ రొయ్యకి రెండు జతలకే. ప్రోకారిస్‌కి మాత్రం ఒక్క కాలికీ లేవు! అయినా మొప్పలు నీలకంఠ రొయ్యకి లాగే ఆకుల్లా పలచగా ఉంటాయి. పొట్ట రెండో ఖండం పక్కరేకు మొదటిదాన్ని కప్పేస్తుంది. ఈ పోలికల వల్లే మొదట్లో నీలకంఠ రొయ్య ఉన్న కారిడియా వర్గంలో కలిపారు. తర్వాత ప్రోకారిడిడియా అని వేరు చేశారు. 2010 నాటి డీఎన్‌ఏ అధ్యయనంలో ఇది కారిడియాకి సోదర సమూహంగా, అంటే ఒకే పూర్వీకుల నుంచి విడిపోయిన అతి దగ్గరి వర్గంగా తేలింది.

మరి వీటి పూర్వీకులకి కత్తెర్లుండి తర్వాత పోయాయనుకోవాలా? నాకైతే అదే సబబనిపిస్తోంది, ఎందుకంటే వెనామీ వర్గానికీ కత్తెర్లున్నాయి కదా. కానీ మా సార్ ఆధారం అడుగుతారు, అక్కడే టెన్షన్. క్రస్టేషియన్ల మీద పనిచేసినవాళ్ళు వివరించండి. కాళ్ళ చివరలు, జీర్ణాశయం స్పష్టంగా కనిపించే బొమ్మలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి, ప్లీజ్.