న్యూట్రినో అలర్ట్ వచ్చాక మామూలు టెలిస్కోప్‌తో ఏం వెతకాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే. దక్షిణ ధ్రువంలో మంచు కింద ఉన్న ఐస్‌క్యూబ్ (అంతరిక్షం నుంచి వచ్చే న్యూట్రినోలను, అంటే దేనినైనా దాదాపు ఆగకుండా దాటిపోయే సూక్ష్మ కణాలను, పట్టే డిటెక్టర్) గురించి చదువుతున్నా, 2017 సెప్టెంబర్ 22న దానికి సుమారు 290 టెరా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల న్యూట్రినో దొరికితే నిమిషం లోపే టెలిస్కోప్‌ల వాళ్ళకి అలర్ట్ వెళ్ళింది, తర్వాత ఆ దిక్కులోనే టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజార్ (మధ్యలోని పెద్ద బ్లాక్‌హోల్ నుంచి వచ్చే కణాల ధార మనవైపు తిరిగి ఉన్న గెలాక్సీ) గామా కిరణాల్లో బాగా వెలిగిపోతోందని ఫెర్మి అనే అంతరిక్ష టెలిస్కోప్ చూసింది, దాని దూరం మాత్రం లా పాల్మాలోని 10.4 మీటర్ల ఆప్టికల్ టెలిస్కోప్ స్పెక్ట్రమ్ (వెలుగును రంగులుగా విడదీసి) తీస్తేనే తేలింది. నాకు ఇది నిజంగా అద్భుతం అనిపించింది.

ఇప్పుడు నా డౌట్. అలర్ట్‌లో ఇచ్చే దిక్కు కచ్చితంగా ఉండదు కదా, ఒక్కోసారి డిగ్రీ దాకా తేడా, అంటే రెండు పున్నమి చంద్రుళ్ళు పక్కపక్కన పెట్టినంత వెడల్పు, అందులో వెలుగు మారే వస్తువులు బోలెడు ఉంటాయి. బ్లేజారా, సూపర్‌నోవానా (పేలిపోయే నక్షత్రం), లేక 2019లో వచ్చిన ఒక న్యూట్రినో గురించి జడ్‌టీఎఫ్ (ఆకాశాన్ని పదేపదే ఫొటో తీసే సర్వే) వాళ్ళు చెప్పినట్టు బ్లాక్‌హోల్ చీల్చేసిన నక్షత్రమా, అసలు ఎలా వడపోస్తారు? కాకతాళీయం కాదని ఎలా లెక్కేస్తారు?

ఇంకోటి, నా దగ్గర 8 అంగుళాల టెలిస్కోప్, మోనో (నలుపు-తెలుపు) కెమెరా ఉన్నాయి. ఈ బ్లేజార్ ఒరాయన్‌లోనే ఉంది, చలికాలంలో మనకి బాగా కనిపిస్తుంది, మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే మసక) 14-15 దగ్గర అంటున్నారు. రోజూ ఫొటోమెట్రీ (వెలుగు కొలవడం) చేస్తే ఎవరికైనా పనికొస్తుందా? ఏ ఫిల్టర్ వాడాలి, పోలికకి ఏ నక్షత్రాలు తీసుకోవాలి? చేసినవాళ్ళు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.