పెద్ద వీల్ టర్బో వేశాక ఘాట్‌లో బుస్ బుస్ శబ్దం, ఎందుకు?

ప్రశ్న:
అన్నలూ, మాది 5.7 లీటర్ల డీజిల్ లారీ. షాఫ్ట్ ఆట వచ్చిందని, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో మార్చాం. పెద్ద వీల్ అయితే గాలి ఎక్కువ, లాగుడు ఎక్కువ అన్నారు. హైవే మీద బాగుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఫుల్ లోడులో 1,400 ఆర్‌పీఎం దగ్గర బుస్ బుస్‌మని కొట్టుకుంటోంది, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) ముల్లు ఊగుతోంది. పైపు లీకా?

జవాబు 1:
ముందు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ క్లిప్పులు చూడు తమ్ముడూ. లీకైతే ఈల వినిపిస్తుంది.

జవాబు 2:
ఈలైతే లీకే. కానీ ముల్లు ఊగుతోందంటే అది సర్జ్, అంటే టర్బో నెట్టిన గాలి వెనక్కి తన్నడం. విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా టర్బోలు విప్పుతున్నా. పాత, కొత్త వీల్స్ కొలిచి చెప్పు: గాలి దూరే మూతి ఎంత, బయటి అంచు ఎంత?

అడిగినవారు:
పాతది 54, 76 మి.మీ. కొత్తది 60, 76.

జవాబు 2:
అదే అనుకున్నా. మూతిని అంచుతో భాగించి, వర్గం చేసి, వందతో గుణిస్తే ట్రిమ్. నీది 50 నుంచి 62కి పోయింది. టర్బో మ్యాప్ అని గ్రాఫ్ ఉంటుంది, అందులో కుడికి పోయేకొద్దీ గాలి ప్రవాహం ఎక్కువ. మూతి పెరిగితే పై ఆర్‌పీఎంలో ఎక్కువ గాలి మింగుతుంది, చోక్ గీత (ఇంతకంటే ఎక్కువ గాలి పోదనే హద్దు) కుడికి జరుగుతుంది. దాంతో పాటు సర్జ్ గీత (ప్రవాహం ఇంతకంటే తగ్గితే సర్జ్ మొదలయ్యే హద్దు) కూడా కుడికే వస్తుంది, ఇది ఎవరూ చెప్పరు. నీ ఇంజిన్ 2,400 దగ్గర నిమిషానికి 6,800 లీటర్ల దాకా పీలుస్తుంది, 1,400 దగ్గర 4,000 లోపే. ఘాట్‌లో బూస్ట్ నిండుగా ఉండి ప్రవాహం తక్కువైతే, గాలి బ్లేడును సరైన కోణంలో అందుకోదు, బ్లేడు నుంచి విడిపోతుంది. అప్పుడు మానిఫోల్డ్‌లోని (ఇంజిన్‌కి గాలి పంచే గొట్టంలోని) ఒత్తిడి గాలి వెనక్కి తంతుంది. ఆ బుస్ అదే.

ఒకసారి బోర్‌వెల్ బండికి నేనూ ఇదే తప్పు చేశా. ఆ తన్నులకి, షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే త్రస్ట్ బేరింగ్ అరిగి మూడు నెలలకే తిరిగొచ్చింది. ఆ ఓనరు నష్టపోయిన ట్రిప్పులు ఇప్పటికీ నా మనసులో ఉన్నాయి.

అడిగినవారు:
మరి ఏం చేయాలన్నా?

జవాబు 2:
54 వీల్ టర్బోకే వెళ్లు. పెద్దదే కావాలంటే పోర్టెడ్ ష్రౌడ్ హౌసింగ్ దొరుకుతుందేమో చూడు. వీల్ మూతి దగ్గర గాడి ఉంటుంది, తక్కువ ప్రవాహంలో కొంత గాలి అందులోంచి మూతికే తిరిగొచ్చి సర్జ్ గీతని ఎడమకు నెడుతుంది. సామర్థ్యం కొద్దిగా తగ్గుతుంది, నీ దారికి అది ఫరవాలేదు. అప్పటిదాకా ఘాట్‌లో ఒక గేర్ దించి 1,800 పైన ఎక్కు. విప్పించినప్పుడు త్రస్ట్ బేరింగ్ తప్పకుండా చూపించు.