మాల్టా బాణసంచా: రహస్యమా, గుట్టా, కిటుకా?

మధ్యధరా సముద్రంలోని ద్వీపదేశం మాల్టాలో జరిగే పండుగల మీద వ్యాసం అనువదిస్తున్న సభ్యురాలొకరు ఇక్కడ ఒక ప్రశ్న వేశారు. అక్కడి బాణసంచా తయారీదార్లు తమ పని ‘సీక్రెట్స్’ను ప్రాణంగా దాచుకుంటారట. ఆ మాటను ‘వ్యాపార రహస్యాలు’ అని రాయొచ్చా అని. వద్దంటాను. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

ముందు అక్కడి మాటలు చూద్దాం. మాల్టీస్ అరబిక్ కుదురు భాష. సిసిలీ, ఇటలీ మాటలు అందులో బాగా కలిసిపోయాయి. బాణసంచాను ‘లోబ్ తన్-నార్’ అంటారు, అంటే నిప్పు ఆటలు. తయారుచేసే చోటు ‘కమ్రా తన్-నార్’, నిప్పు గది. ఈ కమ్రా హైదరాబాదు వాళ్లకు కొత్త కాదు. ఉర్దూలోకి అది పోర్చుగీసు నుంచి వచ్చింది, మాల్టాకు సిసిలీ నుంచి వెళ్లింది. రెండింటికీ మూలం లాటిన్ ‘కామెరా’. ఆకాశంలో పేలేవి ‘నార్ తల్-అయ్రు’, నేల మీద తిరిగేవి ‘నార్ తల్-ఆర్త్’. గాలికి సిసిలీ వైపు మాట, నేలకు అరబిక్ మాట! ఇలాంటివి కనిపిస్తే నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

నేల మీద తిరిగేవి అనగానే మన భూచక్రాలు అనుకోకండి. గుంజలకు పెద్ద పెద్ద చట్రాలు బిగించి, వీధిలో నిలబెట్టి తిప్పుతారు. ఇమ్‌అబ్బా అనే ఊళ్లో లిల్లీ అనే బాణసంచా బృందం 2011 జూన్‌లో తిప్పిన చక్రం అడ్డంగా 32 మీటర్లు. గిన్నిస్ రికార్డుకెక్కింది.

ఇక అసలు సంగతి. ఈ కమ్రాలు దుకాణాలు కావు. ఊరి చర్చి పునీతుడి పండుగ కోసం ఊరివాళ్లే ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా వచ్చి ఉచితంగా పనిచేస్తారు. ఖర్చు చాలావరకు చందాలు. ఏడాది కష్టం పండుగ నాళ్లలో కాలిపోతుంది. ఇందులో వ్యాపారం ఎక్కడుంది? ఉన్నది పంతం. ‘పీకా’ అంటారు దాన్ని. ఇమ్‌అబ్బా చిన్న ఊరే. అయినా ఆగస్టు 15 మరియమాత పండుగ వాళ్లకు ఒక కమ్రా, జూన్‌లో లిల్లీల మాత పండుగ వాళ్లకు ఇంకొకటి. ఎదుటి పక్షానికి రంగుల పాళ్లు తెలియకూడదు. పరువు కోసం ఇంటివాళ్లు కాపాడుకునేదాన్ని మనం ‘గుట్టు’ అంటాం. ఇక్కడ సరిగ్గా అదే కావాలి.

కానీ ఒక్క గుట్టుతో పని పూర్తికాదు. ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం లవణాలని రసాయనశాస్త్రం చదివిన ఎవరికైనా తెలుసు. నీలానికి రాగి. అన్నిటికన్నా మొండి రంగు అదే. మంట వేడి ఎక్కువైతే నీలాన్నిచ్చే రాగి క్లోరైడు విడిపోయి రంగు వెలిసిపోతుంది, తక్కువైతే వెలుగే రాదు. ఆ మధ్యస్థం పట్టుకోవడం ఒక విద్య. ఆకాశంలోకి వదిలే మందుగుండు మీద కాగితం చుట్టి, జిగురు పూసి, పురికొస బిగించడం మరో విద్య. బిగువు అన్ని వైపులా ఒక్కలా లేకపోతే ఆకాశంలో పువ్వు వంకరగా విచ్చుకుంటుంది. పెద్దవాళ్ల పక్కన కూర్చుని చేస్తేనే చేతికి వచ్చే ఇలాంటిదానికి మన మాట ‘కిటుకు’. పుస్తకంలో రాసి దాచిన పాళ్లు గుట్టు, చేతికి పట్టుబడినది కిటుకు. మూలంలో ఒకే మాట ఉన్నా, వ్యాసంలో చోటునుబట్టి రెండూ వాడండి.

వ్యాఖ్య: మర్మం అంటే కుదరదా సార్? వినడానికి గంభీరంగా ఉంటుంది.

జవాబు: కుదరకపోదండీ. కాకపోతే మర్మం అనగానే లోపల ఇంకేదో అర్థం దాగుందనిపిస్తుంది. పురికొస బిగించే పనికి అంత బరువైన మాట నప్పదు.

వ్యాఖ్య: ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్నారుగా. గుట్టు అని రాస్తే, బయటపెట్టడమే తప్పు అన్న ధ్వని వస్తుందేమో?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ఆ ధ్వని రావాలనే నా కోరిక, ఎందుకంటే అక్కడివాళ్ల మనసు అదే. అయితే దాపరికం మీద నాకు వేరే బాధ ఉంది. 2010 సెప్టెంబరులో మాల్టాకే చెందిన గోజో ద్వీపంలోని ఆర్బ్ ఊళ్లో ఒక కమ్రా పేలి ఆరుగురు పోయారు. అందులో ఐదుగురు ఒకే కుటుంబం. రంగు పాళ్లు దాచుకోనివ్వండి. పొటాషియం క్లోరేటు గంధకంతో కలిస్తే చిన్న రాపిడికే అంటుకుంటుందన్న సంగతిలాంటివి మాత్రం ఏ కమ్రాలోనూ గుట్టుగా ఉండకూడదు. మీ వ్యాసంలో ప్రమాదాల భాగం వస్తే అక్కడ గుట్టు, కిటుకు రెండూ వద్దు, ‘జాగ్రత్తలు’ అని సూటిగా రాయండి.

వ్యాఖ్య (ప్రశ్న అడిగినవారు): ధన్యవాదాలండీ. ఇలా మార్చాను: “పాళ్ల గుట్టు ఎదుటి పక్షానికి పొక్కనివ్వరు, పేలుడు పదార్థాన్ని నింపే కిటుకు మాత్రం పక్కన కూర్చున్న కుర్రాడికి నేర్పుతారు.” సరేనా?

జవాబు: చాలా బాగుంది. ‘పేలుడు పదార్థాన్ని నింపే’ తీసేసి ‘మందు కూరే’ అనండి. పోలీసు వార్తలా ఉన్నది పనివాళ్ల మాటలా మారుతుంది.