దేవుడి బొమ్మ లేని చలికాలం గ్రీటింగ్ కార్డులు నెల్లూరులో ఎక్కడ దొరుకుతాయి?

పెన్నగట్టు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, మూలాపేట. డిసెంబరు చివర్లో నాకు కావలసినవాళ్ళందరికీ చేత్తో నాలుగు ముక్కలు రాసి కార్డు పంపడం కాలేజీ రోజుల నుంచీ అలవాటు. వాట్సాప్ వచ్చాక కూడా మానలేదు, మానను కూడా. ఈసారి 40 కార్డులు కావాలి.

ఎవరెవరికంటే, మా చిన్నాన్న ఇంట్లో అందరూ చర్చికి వెళ్తారు. కోటమిట్టలో నా చిన్ననాటి స్నేహితురాలు ఏ పూటా నమాజు తప్పదు. ఒంగోలులో మా పెదనాన్నకి 80 దాటాయి, ఏ దేవుణ్ణీ నమ్మరు. మా ఆడపడుచు పొద్దున్నే పారాయణం చేయందే కాఫీ ముట్టదు. మేనకోడలు ఇంగ్లండులో, లీడ్స్‌లో ఉంది. వీళ్ళందరికీ ఒకే కార్డు వెళ్ళాలని నా పట్టుదల. ఎవరి మతమేంటో చూసి తలా ఒక బొమ్మ ఏరడం నాకు నచ్చదు.

ట్రంకు రోడ్డు షాపుల్లో అడిగితే పశువుల పాక, నక్షత్రం, శాంటా తాత చూపిస్తున్నారు. కొత్త సంవత్సరం కార్డు అంటే మూలన వినాయకుడో ఓంకారమో ఉంటోంది. ఆన్‌లైన్‌లో ‘సీజన్స్ గ్రీటింగ్స్’ అని వెతికితే ఏ దేవుడూ లేనివి బోలెడున్నాయి గానీ, అన్నిటి మీదా మంచు, పైన్ చెట్లు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన వేయించిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డు మీద కూడా ఏసు బొమ్మ లేదు. ఒక కుటుంబం బల్ల చుట్టూ చేరి ఉంటుంది, పక్కల పేదవాళ్ళకు అన్నం పెట్టడం, బట్టలివ్వడం. అప్పుడే అలా వేయగలిగారు కదా, ఇప్పుడు మనకెందుకు దొరకదు?

మంచు మనకెక్కడిది? మనకు డిసెంబరంటే వాయుగుండాలు, వరినాట్లు, రోడ్డు పక్కన ఉడకబెట్టిన తేగలు. అలాంటి బొమ్మున్న కార్డులు ఎక్కడన్నా చూశారా? లేకపోతే వేయించుకోవాలంటే ఎలా?

కందుకూరు టీచరు:
అక్కా, గ్రీటింగ్ కార్డుల షాపులు వదిలేసి శుభలేఖల షాపుకి వెళ్ళండి. ఏ బొమ్మా లేని ప్లెయిన్ కార్డులు కవర్లతో సహా ఉంటాయి. అన్ని మతాలవాళ్ళ పెళ్ళిళ్ళకూ వాళ్ళే కదా అమ్మేది. అట్ట మందంగా, బాగుంటుంది. దాని మీద మీరే చుక్కల ముగ్గు వేయొచ్చు. మా పిల్లల చేత నేను అలాగే చేయించాను. ముగ్గులో దేవుడెవరూ ఉండరు, లెక్కే ఉంటుంది.

దర్శి రైతుబిడ్డ:
మన సంక్రాంతి కార్డు పంపితే తప్పేముందమ్మా? మా వీధిలో భోగిమంట దగ్గరికి అందరూ వస్తారు. పండగని దాచుకోవాల్సిన పనేంటి?

పెన్నగట్టు:
తప్పని నేననలేదు తమ్ముడూ. సంక్రాంతికి మా ఆడపడుచుకి సంక్రాంతి కార్డే వెళ్తుంది, రంజాన్‌కి కోటమిట్టకి ఈద్ ముబారక్ వెళ్తుంది. ఎవరి పండక్కి వాళ్ళను పలకరిస్తూనే ఉంటాను. ఇది వేరే. ఏడాదికోసారి అందరికీ కలిపి చెప్పే మాట.

టీచరమ్మా, శుభలేఖల షాపు సంగతి నాకు తట్టలేదు, రేపే వెళ్తాను. ముగ్గంటే నాకు ప్రాణం. కానీ ఈ నెలలో ముగ్గు చూస్తే, మధ్యలో గొబ్బెమ్మ లేకపోయినా, ఎవరికైనా ధనుర్మాసమే గుర్తొస్తుంది. నా స్నేహితురాలు ఏమీ అనుకోదు. అనుకోదు కాబట్టే ముందుగా నేను ఆలోచించాలి.

నేలపట్టు పక్షి:
పక్షుల్ని పెట్టండక్కా! మన చలికాలానికి అంతకన్నా గుర్తేముంది? అక్టోబరు నుంచి మార్చి దాకా పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు, అదే పెలికాన్లు. 2022లో ఆ వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయినా మాకింకా నెల్లూరు పక్షులే. గూడబాతులు నేలపట్టు చెరువులో నీళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్ళు పారితే పైరుకి బలమని ఊళ్ళో రైతులు వాటిని కదిలించరు. చుట్టాలొచ్చినట్టే చూసుకుంటారు. ఈ కథ కార్డు వెనక రెండు వాక్యాల్లో రాశారంటే లీడ్స్ పాపకి ఇల్లు గుర్తొస్తుంది.

నెట్‌లో కనపడ్డ ఫొటో మాత్రం తీసుకోకండి, అది ఇంకొకరి కష్టం. నా దగ్గర నేను తీసినవి ఉన్నాయి, వాడుకోండి. డబ్బులేం వద్దు.

ట్రంకురోడ్డు డీటీపీ:
మేడం, 40 కార్డులకు ఆఫ్‌సెట్ దండగ. ప్లేట్ల ఖర్చే ఎక్కువవుతుంది, అది వందలూ వేలూ వేసేవాళ్ళకి. డిజిటల్ ప్రింటు చాలు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) ఆర్ట్ బోర్డు చెప్పండి. 12×18 అంగుళాల షీటులో నాలుగు ఏ5 ముక్కలొస్తాయి (ఏ5 అంటే మామూలు ఏ4 కాగితంలో సగం), అంటే మీ 40కి 10 షీట్లు, ఒకటో రెండో అదనం. ఏ5ని మధ్యకి మడిస్తే చేతిలో ఇమిడే కార్డు.

రెండు విషయాలు గట్టిగా అడగండి. మడత దగ్గర క్రీజింగ్ వేయాలి, అంటే మడిచే ముందే అక్కడ గీతలా నొక్కాలి, లేదంటే రంగు పగిలి తెల్ల గీత పడుతుంది. లోపలి వైపు లామినేషన్ వద్దు, దాని మీద పెన్ను నిలవదు. చేత్తో రాస్తానన్నారు కాబట్టి చెప్తున్నా.

ఒంగోలు తంతితపాలా:
ఆ కార్డు తొమ్మిది గ్రాముల పైచిలుకు తూగుతుంది. కవరు కలిపినా 20 గ్రాములు దాటదు, కాబట్టి దేశంలో ఎక్కడికైనా 5 రూపాయల స్టాంపు సరిపోతుంది. ఇంకో మాట. తపాలా శాఖవాళ్ళకి ‘మై స్టాంప్’ అని ఉంది. మీరిచ్చిన ఫొటో పక్కన చేర్చి 12 స్టాంపుల షీటు 300 రూపాయలకి వేసిస్తారు. గూడబాతు కార్డు మీద గూడబాతు స్టాంపు! హెడ్ పోస్టాఫీసులో అడగండి. లీడ్స్‌ది మాత్రం డిసెంబరు మొదటి వారంలోనే వేసేయండి.

మీరు వేయించుకోలేకపోతే, ముంబయిలో నోటితో, కాలితో బొమ్మలు వేసే కళాకారుల సంస్థ ఉంది. వాళ్ళ కార్డుల్లో పూలు, పల్లెలు, పక్షులు ఏరుకోవచ్చు. ఆ డబ్బు వాళ్ళ జీవనానికి పోతుంది.

పెన్నగట్టు:
ఎంత మేలు చేశారు మీరంతా! గూడబాతులే ఖాయం. లోపల ఏం రాయాలో కూడా తేలింది. డిసెంబరు 21, 22 తేదీల్లో మనకి పగలు పదకొండుంబావు గంటలుంటే లీడ్స్‌లో ఏడున్నర గంటలేనట. అక్కణ్ణించి అందరికీ పగలు పెరగడమే. అందుకని “చలి పొద్దులు గడిచి పగళ్ళు పెరిగే రోజులొస్తున్నాయి, మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి” అని అచ్చు వేయిస్తాను. మిగతాది ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకి చేత్తో రాస్తాను. పెదనాన్నా, చిన్నాన్నా, స్నేహితురాలూ ఎవరు చదివినా అది వాళ్ళ మాటే.

నేలపట్టు తమ్ముడూ, పిల్లలతో ఉన్న గూటి ఫొటో ఉంటే అదే పంపు, నీ పేరు కార్డు వెనక వేయిస్తాను. డీటీపీ బాబూ, శనివారం ఫైలు తెస్తే సోమవారానికి అవుతుందా?

ట్రంకురోడ్డు డీటీపీ:
అవుతుంది మేడం. ఫొటో వాట్సాప్‌లో వద్దు, సైజు తగ్గిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలు తీసుకురండి. ముందు ఒక కార్డు వేసి మడిచి చూపిస్తాను, మీరు సరేనన్నాకే మిగతావి.