ముఖం కడిగాక చర్మం బిగుసుకుపోతోంది, ఏం మార్చాలి?

రమ్య: నాకు ముక్కు, నుదురు జిడ్డుగా, బుగ్గలు పొడిగా ఉంటాయి. రోజుకు నాలుగైదు సార్లు సబ్బుతో కడుగుతాను. కడిగిన కాసేపటికే బుగ్గలు బిగుసుకుపోయి, నవ్వితే చర్మం లాగుతున్నట్టు ఉంటుంది. క్రీమ్ రాస్తే చురుక్కుమంటుంది. ఈమధ్య సన్నగా పొట్టు కూడా లేస్తోంది. ముక్కు మీద జిడ్డు మాత్రం మధ్యాహ్నానికల్లా తయారు. ఇంకా గట్టి ఫేస్ వాష్‌కు మారాలా, కడగడమే తగ్గించాలా?

మాధవి: తగ్గించాలి రమ్య గారూ, సబ్బు కూడా మార్చాలి. ఆ బిగుతు చూసి ముఖం బాగా శుభ్రపడిందని చాలామంది మురిసిపోతారు. నిజానికి చర్మానికి అవసరమైనది కూడా కొంత కొట్టుకుపోయిందని దాని అర్థం. చర్మం పై పొరలో కణాల మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. లోపలి తేమను బయటికి పోనీయకుండా ఆపేవి అవే. సబ్బుకు ఏది మురికి జిడ్డో, ఏది ఈ కొవ్వో తెలియదు. ఈ అడ్డు పలచబడితే తేమ ఆవిరైపోయి పై పొర కుంచించుకుంటుంది. ఎప్పుడూ పడే క్రీమ్ ఇప్పుడు మంట పుట్టించడానికీ కారణం ఇదే.

పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, దాని సంగతీ ఉంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఉపరితలం కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5కు అటూఇటూగా ఉంటుంది. అసలు సిసలు సబ్బుది 9 నుంచి 10. ఈ కొలమానంలో ఒక్కో అంకెకు పది రెట్ల తేడా, కాబట్టి ఆ దూరం చిన్నది కాదు.

రమ్య: అంటే సబ్బు బిళ్ళలు మానేసి ద్రవరూపంలోవే కొనాలా?

మాధవి: అక్కర్లేదు. బిళ్ళగా ఉన్నదల్లా సబ్బు కాదు, సీసాలో ఉన్నదల్లా మృదువైనదీ కాదు. వెనక వైపు పదార్థాల జాబితా చదవండి. మొదట్లోనే సోడియం పామేట్, సోడియం టాలోవేట్, సోడియం కోకోయేట్ లాంటి పేర్లుంటే అది సబ్బే. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అని ఉంటే సాధారణంగా సిండెట్ రకం, అంటే సబ్బుకు బదులు కృత్రిమ డిటర్జెంట్‌తో చేసినది. అది చర్మాన్ని అంతగా ఎండబెట్టదు. పేర్లు దగ్గరగా ఉన్నాయి, తొందరపడి చదవకండి. ద్రవాల్లో సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్నది మీకు వద్దు. గ్లిజరిన్ ఉంటే మంచిది. సువాసన కలపనిది తీసుకోండి. కొన్నిటికి వాసన లేకపోయినా, అసలు వాసనను కప్పిపుచ్చే సువాసన ద్రవ్యం కలిపి ఉంటారు. పైన రాసినదాన్ని బట్టి కాక, జాబితాను బట్టి తేల్చుకోండి.

కిరణ్: ఎక్కువ కడిగితే జిడ్డు ఇంకా ఎక్కువ ఊరుతుందని అంటారు కదా?

మాధవి: ఆ మాటకు గట్టి ఆధారం లేదండీ. జిడ్డు గ్రంథులను ప్రధానంగా నడిపేవి హార్మోన్లు. మీరు పదిసార్లు కడిగినా అవి తమ పని మానవు. అందుకే జిడ్డుతో పోరాటానికి రమ్య గారు బుగ్గలను బలిపెట్టడం దండగ. మధ్యాహ్నం ముక్కు మెరిస్తే పలచటి కాగితంతో అద్దేస్తే చాలు.

శారద: రమ్యా, కడిగే తీరు కూడా చూసుకోమ్మా. ఉదయం ఉత్తి నీళ్ళు చాలు, రాత్రి క్లెన్సర్. బాగా చెమట పడితే ఇంకోసారి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, వేడిగా వద్దు. ముందు ముఖం తడిపి, వేళ్ళ కొసలతో ముక్కు, నుదురు, గడ్డం దగ్గర మొదలుపెట్టు. బుగ్గలకు చివర్లో, ఊరికే అలా తాకించి కడిగెయ్యి. అంతా అర నిమిషంలో అయిపోవాలి. జుట్టు మొదళ్ళలో, దవడ కింద నురుగు మిగలనివ్వకు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ముఖం ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాసెయ్యి. ప్రస్తుతం వాడేది మండుతోందంటున్నావు కాబట్టి, సువాసన లేని సాదా రకానికి మారు.

రమ్య: సన్‌స్క్రీన్ ఉన్న రోజున ఒక్కసారి కడిగితే పోతుందా?

శారద: మామూలుదైతే పోతుంది. నీటికి తట్టుకునే రకమైనా, మేకప్ బాగా ఉన్నా, ముందు క్లెన్సింగ్ ఆయిల్‌తో కరిగించి ఆ తర్వాత క్లెన్సర్. దూదితో ముఖం తుడుచుకునే మైసెల్లార్ నీళ్ళు వాడితే తుడిచి వదిలెయ్యకుండా కడుక్కో. అందులోనూ మురికిని వదలగొట్టే రసాయనాలే ఉంటాయి.

కిరణ్: ముక్కు మీద నల్ల చుక్కలకు స్క్రబ్ పనిచేస్తుందా?

మాధవి: ఆ నలుపు మురికి కాదండీ. రంధ్రంలో చిక్కుకున్న జిడ్డు, మృతకణాలలోని మెలనిన్ గాలి తగిలి నల్లబడుతుంది. రుద్దితే చర్మం ఎర్రబడుతుంది తప్ప లోపలిది రాదు. 0.5 నుంచి 2 శాతం శాలిసిలిక్ ఆమ్లం ఉన్నది వాడొచ్చు; ఆ ఆమ్లం నూనెలో కరుగుతుంది కనుక రంధ్రంలోకి దిగగలదు. రమ్య గారు మాత్రం ఇప్పుడే దాని జోలికి వెళ్ళొద్దు. పొట్టు, మంట తగ్గేవరకు స్క్రబ్బులు, ఆమ్లాలు, రెటినాల్ అన్నీ పక్కన పెట్టాలి. వైద్యులు రాసిచ్చిన మందైతే వారిని అడిగాకే ఆపండి. రెండు మూడు వారాలైనా తేడా లేకపోతే, ముక్కు పక్కల, కనుబొమల్లో ఎర్రగా పొలుసులు లేస్తుంటే, లేదా బుగ్గల ఎరుపు వదలకుండా ఉంటే చర్మ వైద్యులకు చూపించండి. సెబోరిక్ డెర్మటైటిస్, రోజేషియా లాంటి చర్మవ్యాధులు క్లెన్సర్ మార్చినంత మాత్రాన తగ్గవు. కళ్ళ చుట్టూ వాపు వచ్చినా, రసి కారినా అన్నాళ్ళు ఆగకండి.

రమ్య: చాలా సాయం చేశారు. నా దగ్గర బెంజాయిల్ పెరాక్సైడ్ ఫేస్ వాష్ ఒకటి సగం మిగిలి ఉంది. పారెయ్యాలా?

మాధవి: గడువు తీరకపోతే దాచుకోండి. బుగ్గలు కుదుటపడ్డాక, మొటిమలు వస్తే ఆ చోట్ల వాడొచ్చు. అప్పుడు తెల్ల తువ్వాలు పెట్టుకోండి, రంగు తువ్వాళ్ళను అది మచ్చలు మచ్చలుగా వెలిసిపోయేలా చేస్తుంది.