మూకీ సినిమాల్లో మనుషులు ఎందుకలా పరుగులు పెడుతుంటారు?

నేలటిక్కెట్:
మాటల్లేని కాలం సినిమాలు చూద్దామని ఈమధ్య మొదలుపెట్టాను. కామెడీ హీరో బస్టర్ కీటన్ ‘ది జనరల్’ (1926) భలే నచ్చింది. ప్రేమించిన పిల్ల ఛీ కొట్టిందని రైలింజను చక్రాలను కలిపే కడ్డీ మీద దిగులుగా కూలబడతాడు, ఇంజను మెల్లగా కదులుతుంది, కడ్డీతో పాటు ఇతనూ పైకీ కిందకీ గుండ్రంగా తిరుగుతూ షెడ్డు వైపు పోతుంటాడు, తీరా లోపలికి దూరే ముందు గానీ సంగతి తెలియదు. మొహంలో ఒక్క గీత కదలదు! అదే ఊపులో యూట్యూబ్‌లో ఇంకొన్ని తెరిస్తే మాత్రం అన్నీ మసక మసక, మనుషులు ఎవరో తరుముతున్నట్టు పరుగులు, వెనకాల కథకి సంబంధం లేని పియానో మోత. పావుగంట కూడా కూర్చోలేకపోయాను. అప్పటి జనం నిజంగా ఇలాగే చూశారా? ఏవి ముందు చూడాలో చెప్పండి, నాకు ఓపిక కొంచెం తక్కువ.

రీలుబండి:
తప్పు సినిమాది కాదండీ, అప్‌లోడ్ చేసినవాళ్లది. అప్పట్లో చాలా కెమెరాలు చేత్తో పిడి తిప్పేవే. సెకనుకు 16 నుంచి 20 ఫ్రేములు (అంటే విడి బొమ్మలు), 1920లు ముదిరేకొద్దీ ఇంకా ఎక్కువ. టాకీ వచ్చాక వేగం మారితే గొంతు కూడా మారిపోతుంది కాబట్టి 24కి ఖాయం చేశారు. 18తో తీసినదాన్ని తీసుకొచ్చి 24తో ఆడిస్తే మూడోవంతు వేగం పెరుగుతుంది, మీకు కనిపించిన పరుగులు చాలావరకు అవే. ఈసారి అలాంటిది తగిలితే సౌండ్ తీసేసి ప్లేబ్యాక్ స్పీడ్ 0.75 పెట్టండి, 24లో ముప్పావు అంటే సరిగ్గా 18. హీరోని కాకుండా వెనకాల రోడ్డు మీద పోయేవాళ్ల నడక చూడండి, పొగ, జెండా, గుర్రం ఏదున్నా సరే. అవి మామూలుగా కదిలితే మీకు కావాల్సిన వేగం దొరికినట్టే.

ఇంటర్వెల్ సోడా:
రీలుబండి గారు చెప్పింది నిజమే కానీ అన్నింటికీ 0.75 పెట్టేస్తే కామెడీలు చచ్చిపోతాయి. తెరమీద హడావుడి కనిపించాలని కెమెరా పిడిని కావాలనే నెమ్మదిగా తిప్పిన సీన్లు బోలెడు. పైగా హాల్లో ఆపరేటర్లు కూడా తీసిన వేగం కన్నా కాస్త ఎక్కువ మీదే ఆడించేవాళ్లు, ఆట తొందరగా అయితే ఇంకో ఆట పడుతుంది కదా. అందుకని ఇది ఒక్క అంకెతో తేలే లెక్క కాదు.

మూకీ అన్నాం కానీ హాల్లో నిశ్శబ్దంగా ఆడింది తక్కువే. చిన్న ఊళ్లో పియానో, పెద్ద సిటీలో ఏకంగా ఆర్కెస్ట్రా. రంగులు కూడా ఉండేవి, రాత్రి సీన్లకి ప్రింటుని నీలం అద్దకంలో ముంచేవాళ్లు, దీపం వెలుగు అయితే పసుపు. నకలుకి నకలు తీసుకుంటూ పోయేసరికి ఆ రంగూ పోయింది, మొహాలూ పోయాయి. కాబట్టి పేరు పక్కన ‘రిస్టోర్డ్’ అని ఉంటేనే ముట్టుకోండి.

ఓపిక తక్కువ అన్నారు కాబట్టి ఒక్కటే చెప్తా. జర్మన్ డైరెక్టర్ మూర్నావ్ తీసిన ‘ది లాస్ట్ లాఫ్’ (1924). పెద్ద హోటల్ గుమ్మం దగ్గర బంగారు గుండీల కోటేసుకుని రాజులా నిలబడే ముసలాయన్ని, వయసైపోయిందని బాత్రూముల్లో తువ్వాళ్లు అందించే పనికి మారుస్తారు. కథంతా ఇంతే, మాటలు రాసి మధ్యమధ్యలో తెరమీద చూపించే టైటిల్ కార్డులు దాదాపు లేవు. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ మొదటి షాట్ కోసం కెమెరా పట్టుకుని సైకిల్ మీద లిఫ్టులో దిగి, అలాగే హాలంతా దాటుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. తాగిన మత్తు సీనుకి కెమెరాని ఛాతీకి కట్టుకుని తూలాడు. ఇప్పుడు కెమెరా కుదుపు లేకుండా పట్టే గింబల్ ఉంది కాబట్టి మనకి వింత అనిపించదు, అప్పుడు కెమెరా అంటే ఇంత లావు పెట్టె. చివర్లో అతికించినట్టుండే సుఖాంతం ఒకటి ఉంది, నాకైతే నచ్చదు, మీరు చూసి చెప్పండి.

కాకినాడ కాజా:
అందరూ అమెరికా, జర్మనీ అంటున్నారు, మనవాళ్ల సంగతి? మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టిన రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు, భీష్ముడి వేషమూ ఆయనే. ఆ సినిమా ఇప్పుడు లేదు. తండ్రి పేరు మీద ప్రభుత్వం అవార్డు ఇస్తుంది, కొడుకు తీసిన సినిమా చూపించండి అంటే చూపించడానికి రీలు ముక్క లేదు. ఇదొక్కటే కాదు, మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే అంతో ఇంతో మిగిలినవి పట్టుమని ఓ ముప్పై. అప్పటి ఫిల్ము నైట్రేటు, ఒకసారి అంటుకుందంటే నీళ్లు పోసినా ఆరదు. తగలబడనిది డబ్బాలోనే జిగురైపోయింది. టాకీ వచ్చాక పాత ప్రింట్లు ఎవడికి కావాలి, కరిగిస్తే అందులోంచి వెండి వస్తుందని కరిగించేశారు.

అయినా చూడ్డానికి ఒకటుంది. హిమాంశు రాయ్ నిర్మించి నటించిన ‘ప్రపంచ పాశ్’ (1929), ఇంగ్లీషులో ‘ఎ త్రో ఆఫ్ డైస్’ అని వెతకండి. డైరెక్టర్ జర్మన్, కథ మాత్రం మన భారతంలోని జూదమే, రాజస్థాన్ కోటలు, ఏనుగులు, పులులు. లండన్‌లోని బీఎఫ్‌ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు శుభ్రం చేసి నితిన్ సాహ్నీతో కొత్త మ్యూజిక్ చేయించారు. ఆ ప్రింటు చూశాక మసక మాట ఎత్తరు.

నేలటిక్కెట్:
0.75 ట్రిక్ ఒకదానికి పనిచేసింది, ఇంకోదానికి అందరూ నీళ్లలో నడుస్తున్నట్టున్నారు, సోడా గారు అన్నది అదే అనుకుంటా. పాచికల సినిమా అమ్మమ్మతో కలిసి చూద్దామని ఉంది, ఆవిడకి భారతం కంఠతా. కానీ కార్డులు ఇంగ్లీషులోనే ఉంటాయా?

కాకినాడ కాజా:
ఇంగ్లీషులోనే. ఏం పర్లేదు, అప్పట్లో మన హాళ్లలో కూడా చదువు రానివాళ్ల కోసం కార్డు పడగానే గట్టిగా చదివి చెప్పే మనిషి ఉండేవాడు. ఆ డ్యూటీ మీరు చేయండి, మరీ అర్థం కాకపోతే పాజ్ ఉంది కదా. కథ మార్చేశారని ఆవిడ తిడితే మాత్రం నాకు సంబంధం లేదు, చాలానే మార్చారు.