2024లో మీ పాప్, ఇండీ పాటలేంటి? నా పదిలో ఈసారి ఆరు పాప్ వచ్చాయి, ఎందుకో అర్థం కావట్లేదు

వానలో_వాక్‌మన్:

అందరికీ నమస్తే. డిసెంబర్ చివరికొచ్చిందంటే నాకో అలవాటు, ఆ ఏడాది వచ్చిన ఇంగ్లీష్ పాటల్లోంచి పది తీసి ఒక ప్లేలిస్ట్ చేసుకుంటా. హాస్టల్లో ఉన్నప్పుడు మొదలుపెట్టా, ఇప్పటిదాకా ఒక్క ఏడాది మానలేదు. రూల్ ఒక్కటే, వచ్చిన వారం ఎంత నచ్చినా లెక్కలోకి రాదు, మూడు నెలలు పోయాక కూడా దానంతట అదే గుర్తొచ్చి మళ్ళీ పెట్టుకున్నానా లేదా, అంతే.

ప్రతి ఏడాదీ పదిలో ఏడెనిమిది ఇండీయే (పెద్ద కంపెనీల హంగు లేకుండా సొంతంగా చేసుకునే పాటలు) ఉండేవి నాకు. ఈసారి రాసుకుంటూ పోతే ఆరు పాప్ వచ్చాయి, అదీ ఎవరూ వినని పాప్ కాదు, మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కుతుంటే వినబడే పాప్.

మొదటిది ఏ ఆలోచనా లేకుండా చాపెల్ రోన్ 'గుడ్ లక్, బేబ్!'. ఏప్రిల్‌లో వచ్చింది. తమ మధ్య ఉన్న ప్రేమని ఒప్పుకోలేక వెళ్ళిపోతున్న అమ్మాయితో ఇంకో అమ్మాయి మాట్లాడే పాట, ఎంత దూరం పోయినా నీ మనసుని నువ్వు ఆపుకోలేవే అన్నట్టు. సింథ్‌లతో (ఎలక్ట్రానిక్ కీబోర్డులు), వయొలిన్లతో 80ల నాటి పాటలా సాఫీగా పోతూ పోతూ బ్రిడ్జ్, అంటే చివరి కోరస్‌కి ముందొచ్చే ముక్క దగ్గరికొచ్చేసరికి ఆ గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది చూడండీ, బస్సులో నిలబడి ఉన్నా సరే నేనక్కడ కళ్ళు మూసుకుంటా, కోపం జాలి రెండూ ఒకే ఊపిరిలో వినబడతాయి. ఇక ఆఖర్లో పాట మెల్లగా సాగిపోతుంది, చిన్నప్పుడు సెల్స్ అయిపోయిన టేప్ రికార్డర్‌లో క్యాసెట్ సాగినట్టు, అంత గట్టిగా చెప్పిన మనిషి లోపల ఏమైందో ఆ సాగడంలోనే తెలిసిపోతుంది.

రెండోది చార్లీ ఎక్స్‌సీఎక్స్ 'గర్ల్, సో కన్ఫ్యూజింగ్', లార్డ్ కూడా పాడిన వెర్షన్. అసలు పాట జూన్ 7న 'బ్రాట్' ఆల్బమ్‌లో వచ్చింది, ఇంకో సింగర్‌తో తనకున్న అర్థంకాని దూరం గురించి, స్నేహమో పోటీయో తెలియని ఒక సంబంధం గురించి. రెండు వారాల్లో లార్డ్ అదే పాటలోకొచ్చి తన వైపు ఏం జరిగిందో తనే చెప్పేసింది. పాటలో అడిగినదానికి పాటలోనే జవాబు! అది విన్న రోజు రాత్రి నేను మూడేళ్ళుగా మాట్లాడని ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. ఇంకేం చెప్పాలి ఆ పాట గురించి.

మిగతా పాప్: బిల్లీ ఐలిష్ 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' (చివర్లో గొంతు పూర్తిగా తెరిచి పాడే చోటు కోసం), చార్లీదే '360', సబ్రీనా కార్పెంటర్‌వి 'ఎస్ప్రెసో', 'ప్లీజ్ ప్లీజ్ ప్లీజ్'.

ఇండీ నాలుగు: వాక్సహాచీ 'రైట్ బ్యాక్ టు ఇట్', ఫాంటేన్స్ డి.సి. 'స్టార్‌బర్స్టర్', క్లైరో 'జూనా', జెస్సికా ప్రాట్ 'లైఫ్ ఈజ్'.

నా డౌట్ ఏంటంటే, మారింది నేనా, పాప్ సంగీతమా? మీ లిస్టులు కూడా పెట్టండి, ఉత్త పేర్లు వద్దు, ఎందుకో రాయండి.

బెడ్‌రూమ్_బీట్స్:

అక్కా లిస్ట్ మస్తుంది గానీ 'ఎస్ప్రెసో'ని పేరు చెప్పి వదిలేసినవ్, దాని గురించి నేను చెప్త. స్పాటిఫైలో 2024ల ప్రపంచం మొత్తం మీద అందరికంటె ఎక్కువ విన్న పాట అదే. నేను ఇంట్లనే ల్యాప్‌టాప్ మీద బీట్స్ చేస్కుంట, ఈ పాట నన్ను ఎంత ఆలోచింపజేసిందో చెప్పలేను. అందులో ఉన్న గిటార్ లూప్ (మళ్ళ మళ్ళ తిరిగే చిన్న ముక్క) గిట్ల స్ప్లైస్‌ల దొరికేయే, ఆలివర్ అనే పేరుతోని ఉన్న ప్యాక్‌లయి. స్ప్లైస్ అంటె తెల్వనోళ్ళకు, నెలకింత కడితే రెడీమేడ్ లూప్స్ దింపుకొని మన పాటల వాడుకోవచ్చు, నువ్వు కట్టినా నేను కట్టినా అవే లూప్స్ వస్తయ్. నేనూ దింపిన. ఒక రాత్రి మొత్తం వాటితోని కూసున్న, తెల్లారేసరికి నా దగ్గర ఉన్నది ఒక లూప్, అంతే, పాట కాలే.

అప్పుడు మళ్ళ మొదట్నుంచి 'ఎస్ప్రెసో' వింటె తెలిసింది, లూప్ ఎక్కడ తీసెయ్యాల్నో ఎక్కడ మళ్ళ పెట్టాల్నో, బేస్ ఎప్పుడు రావాల్నో, ఆమె మాటలని బీట్ కంటె జరంత వెనక ఎట్ల పడేస్తదో, వెనక వినబడే చిన్న చిన్న గొంతులు ఒక్కొక్కటి ఎక్కడ కూసోవెట్టిన్రో, పని అంతా ఆడుంది. అందరికి దొరికే ఇటుకలతోనే కట్టిన ఇల్లు అది. అందుకే నీ ప్రశ్నకి నా జవాబు, పాప్ మారలే అక్కా, ఈ ఏడు చేసినోళ్ళు ప్రతి సెకను మీద మనసు పెట్టి చేసిన్రు.

నా లిస్టుల ఇంకోటి ఉండాలె, హనుమాన్‌కైండ్ 'బిగ్ డాగ్స్'. రాప్ అంటరా, అనుకోండి, నాకు ఈ ఏడు అంతకంటె గట్టిగ తాకిన పాట లేదు. కేరళల పుట్టి హ్యూస్టన్‌ల పెరిగి బెంగళూరుల ఉండే మనిషి, వెనక బీట్ చేసిన కల్మి మన హైదరాబాద్! వీడియోల జాతరల ఉండే మౌత్ కా కువాల బండ్లు గోడ మీద తిరుగుతుంటె ఈయన నడుమ నిలబడి పాడుతుంటడు. అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100ల 23 దాంక పోయింది. ఆ బేస్ ఇయర్‌ఫోన్స్‌ల కాదు, కార్ల వినాలె, డోర్లు వణుకుతయ్.

టేప్_రికార్డర్:

అమ్మా, మీ లిస్ట్ చదివాను, శ్రద్ధగా రాశారు. నాకు యాభై దాటాయి, 90ల్లో క్యాసెట్లు కాపీ కొట్టించుకుని విన్న బ్యాచ్. మీ ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను.

పాటల లెక్కన తీస్తే ఈ ఏడాది పాప్‌దే పైచేయి, కాదనను. కానీ ఇండీ వాళ్ళు ఈసారి మంచి పనంతా ఆల్బమ్‌లలో పెట్టారు, వాటిలోంచి ఒక పాట లాగి ప్లేలిస్ట్‌లో పెడితే చెట్టు కొమ్మ విరిచి కూజాలో పెట్టినట్టు ఉంటుంది. సిండీ లీ 'డైమండ్ జూబిలీ' విన్నారా? 32 పాటలు, రెండు గంటలు. మార్చిలో వచ్చినప్పుడు స్పాటిఫైలో లేదు, ఆపిల్‌లో లేదు, యూట్యూబ్‌లో మొత్తం కలిపి ఒకే వీడియోగా పెట్టారు, లేకపోతే పాత కాలం జియోసిటీస్ (ఎవరైనా సొంత వెబ్ పేజీ పెట్టుకునే చోటు) పేజీ లాంటి సైట్‌లోంచి దింపుకోవాలి. పాట మార్చడానికి బటన్ కూడా లేదన్నమాట. నేను ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుని మధ్యలో లేవకుండా విన్నాను, ఎన్నేళ్ళయిందో అలా విని. అందులో ఏ పాట బాగుంది అని ఎవరైనా అడిగితే చెప్పలేను, ఆ మధ్యాహ్నం బాగుంది.

ఇంకొకటి ది క్యూర్, పాత ఇంగ్లీష్ రాక్ బ్యాండ్. 2008 తర్వాత ఆల్బమ్ లేదు, పదహారేళ్ళు. నవంబర్ 1న 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' వచ్చింది, ఎనిమిదే పాటలు. మొదటి పాట 'అలోన్'లో రాబర్ట్ స్మిత్ గొంతు వినబడేసరికి మూడు నిమిషాలు దాటుతుంది. అప్పటిదాకా డ్రమ్స్, గిటార్, కీబోర్డు ఒకదాని మీద ఒకటి మబ్బు పట్టినట్టు కమ్ముకుంటూ ఉంటాయి, ఇక పాడడేమో అనుకునేలోపు పాడతాడు, అరవై అయిదేళ్ళ మనిషి, గొంతు నాకు కాలేజీలో తెలిసిన గొంతే. అందులోనే 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై' అని ఒక పాట, పోయిన తన అన్నయ్య గురించి. మా అన్నయ్య పోయి మూడేళ్ళయింది. ఆ పాట ఇప్పటికి రెండుసార్లే విన్నాను, రెండోసారి మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది, ఏమీ అడగలేదు.

మీ రూల్ మంచిదే. కానీ కొన్ని పాటలు మళ్ళీ మళ్ళీ పెట్టుకోలేం, అవి కూడా ఏడాది పాటలే.

డల్లాస్_దారిలో:

టేప్ రికార్డర్ గారూ, మీ పోస్ట్ చదివాక కాసేపు ఏం టైప్ చేయాలో తెలీలేదండి.

నేను ఇక్కడ ఎంఎస్ చేస్తున్నా. వాక్సహాచీ గురించి ఒకటి చెప్పాలి. డల్లాస్ నుంచి ఆస్టిన్ వైపు వెళ్తుంటే కాసేపటికే వాక్సహాచీ అని ఊరి బోర్డు వస్తుంది, ఫస్ట్ టైమ్ చూసినప్పుడు వాళ్ళది ఈ ఊరే అనుకుని కారులో ఎగిరి గంతేసినంత పని చేశా. తర్వాత తెలిసింది, వాక్సహాచీ పేరుతో పాడే కేటీ క్రచ్‌ఫీల్డ్‌ది అలబామా, అక్కడి ఒక వాగు పేరు పెట్టుకుంది, స్పెల్లింగ్ కూడా వేరే. కానీ 'టైగర్స్ బ్లడ్' ఆల్బమ్ రికార్డ్ చేసింది మాత్రం టెక్సాస్‌లోనే, ఎల్ పాసో దగ్గర సోనిక్ రాంచ్ అనే స్టూడియోలో, కాబట్టి కొంచెం మాదీ అని చెప్పుకుంటున్నా. 'రైట్ బ్యాక్ టు ఇట్' ప్రేమ పాటే కానీ కొత్త ప్రేమ కాదు, చాన్నాళ్ళుగా కలిసి ఉంటూ గొడవలు పడి దూరం జరిగి మళ్ళీ అదే మనిషి దగ్గరికి రావడం. వెనక బాంజో పారుతున్న నీళ్ళలా ఆగకుండా పోతుంటుంది, కోరస్‌లో ఎమ్‌జే లెండర్‌మన్ గొంతు కలుస్తుంది, అంతగా సరిగ్గా అతకదు, ఆ అతకకపోవడమే బాగుంటుంది, నిజంగా ఇద్దరు మనుషులు ఒక ఇంట్లో ఉన్నట్టు. ఇంటి మీద బెంగ పుట్టిన ప్రతిసారీ అదే పెట్టుకున్నా ఈ ఏడాది. లెండర్‌మన్ సొంత ఆల్బమ్ 'మ్యానింగ్ ఫైర్‌వర్క్స్' కూడా వినండి, సెప్టెంబర్‌లో వచ్చింది, 'షీజ్ లీవింగ్ యూ' నా పదిలో రెండోది.

ఇక నువ్వు మారావా పాప్ మారిందా అంటే, ఆ పాప్ వాళ్ళు నిన్నటిదాకా ఇండీ వాళ్ళలాగే బతికారు అని నా పాయింట్. చాపెల్ రోన్‌ని పదిహేడేళ్ళకి పెద్ద లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) తీసుకుంది, 2020లో వదిలేసింది, మిస్సోరీలో ఇంటికి వెళ్ళిపోయింది, తర్వాత మళ్ళీ లాస్ ఏంజెలెస్ వచ్చి డోనట్ షాపులో పనిచేసింది. అదే ఏడాది వచ్చిన 'పింక్ పోనీ క్లబ్' అప్పుడు పెద్దగా ఎవరికీ పట్టలేదు, నాలుగేళ్ళ తర్వాత ఈ ఏడాది చార్టుల్లోకి ఎక్కింది. పాట అదే, ఒక్క ముక్క మార్చలేదు. చార్లీ స్కూల్లో చదివే రోజుల్లో మైస్పేస్ అనే పాత సోషల్ సైట్‌లో పాటలు పెట్టుకుంది, 'బ్రాట్' ఆమె ఆరో ఆల్బమ్. సబ్రీనా ఈ ఏడాది ఆల్బమ్ 'షార్ట్ ఎన్ స్వీట్' కూడా ఆమెకి ఆరోదే. ఇన్నేళ్ళు ఈ స్థాయి గుర్తింపు లేకపోయినా తమకి నచ్చినట్టే పాడుకుంటూ వచ్చిన వాళ్ళు ఒకే ఏడాది పైకొచ్చారు, అందుకే నీ ఇండీ చెవికి వాళ్ళు పరాయిగా అనిపించలేదు.

చింతచెట్టు_నీడ:

నాదొక్కటే పాట. 'స్టార్‌బర్స్టర్'. మధ్యమధ్యలో గట్టిగా ఊపిరి లాగుతాడు కదా, అది లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో ఆ పాట పాడిన గ్రియాన్ చాటెన్‌కి వచ్చిన పానిక్ ఎటాక్‌లోంచి వచ్చిందట. నాకూ అవి వస్తాయి. ఆ ఊపిరి శబ్దాన్నే ఒకడు పాటలో తాళంగా మార్చగలిగాడని తెలిశాక కొంచెం ధైర్యం వచ్చింది.

వానలో_వాక్‌మన్:

చింతచెట్టు, పాటలో అది వింటూనే ఉన్నా కానీ ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, ఇక వేరేలా వినిపిస్తుంది. జాగ్రత్తగా ఉండు.

డల్లాస్, డోనట్ షాపు సంగతి తెలుసు గానీ దాన్ని నా ప్రశ్నతో కలిపి ఎప్పుడూ చూడలేదు. నువ్వు చెప్పిందే నిజం అనిపిస్తోంది. బీట్స్, 'ఎస్ప్రెసో' ఇందాక మూడుసార్లు విన్నా, ఆ వెనక గొంతులు ఇన్నాళ్ళూ నా చెవికి ఎలా తగల్లేదో!

టేప్ రికార్డర్ గారూ, ఒక్క విషయంలో మీతో ఒప్పుకోను. ఆల్బమ్ మొత్తంగా వినాల్సిన పని పాప్‌లో కూడా జరిగింది ఈసారి. 'బ్రాట్'లో ఆ డాన్స్ పాటల మధ్యలో 'సో ఐ' వస్తుంది, 2021లో చనిపోయిన మ్యూజిక్ ప్రొడ్యూసర్ సోఫీ కోసం పాడింది, దగ్గరికి రమ్మని పిలిచినప్పుడు వెళ్ళలేకపోయిన బాధ. ముందూ వెనకా ఆ హోరు లేకపోతే ఆ పాట అంత ఒంటరిగా వినబడదు. బిల్లీ ఆల్బమ్ కూడా ముందు ఒక్క సింగిల్ (విడిగా ఇచ్చే పాట) వదలకుండా పది పాటలూ కలిపి ఇచ్చారు, అలాగే వినమని.

కానీ 'అలోన్' విషయంలో మీరే గెలిచారు. నిన్న రాత్రి లైట్ ఆపేసి విన్నా. గొంతు వచ్చేదాకా ఆ మూడు నిమిషాలు ఎప్పుడు గడిచాయో తెలీలేదు. సెప్టెంబర్ 26న వచ్చింది కాబట్టి పాటకి మూడు నెలలు నిండాయి, నాకే ఒక్క రోజు. రూల్ పక్కన పెట్టి 'ప్లీజ్ ప్లీజ్ ప్లీజ్' తీసేసి దాన్ని పెట్టా. ఇప్పుడు ఐదూ ఐదు. 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై' ఇంకా వినలేదండి, మా నాన్న గురించి అడగకండి, ఎప్పుడో వింటా.

టేప్_రికార్డర్:

తొందరేం లేదమ్మా. అది ఎక్కడికీ పోదు. 'సో ఐ' నేను వినలేదు, ఇవాళ వింటాను, మొత్తం ఆల్బమ్‌తో కలిపే.

బెడ్‌రూమ్_బీట్స్:

అక్కా నీ లిస్టుల చివరిది 'లైఫ్ ఈజ్' ఇప్పుడే పెట్టిన. మొదట్ల వచ్చే ఆ డ్రమ్స్ ఏంది! అచ్చం 60ల రికార్డ్ లెక్క, పెద్ద ఖాళీ హాల్‌ల ఎవరో దూరం నుంచి కొట్టినట్టు ఉన్నది, కానీ గొంతు మాత్రం చెవి పక్కనే. రెండూ ఒకే రూమ్‌ల ఎట్ల పట్టిన్రో సమజైతలేదు, నేను రివర్బ్ (హాల్‌ల మోగినట్టు చేసే ఎఫెక్ట్) పెడితే అంతా బురద అయితది. ఎవరికన్న తెలిస్తె చెప్పండి, ఇవాళ రాత్రి కూసోని ట్రై చేస్త.